రెండు జేబుల హనీమూన్

టైలర్ జీవితంలో ఒక్క పెద్ద అబద్ధం చెప్పాడు. అది కూడా అవసరం లేనిచోట చెప్పాడు. తెలివైనవాడు తప్పించుకోవడానికి అబద్ధమాడతాడు. ఇతను ఇరుక్కోవడానికి ఆడాడు.

నలభై ఒకటో ఏట అతనికి ఒక సంబంధం వచ్చింది. తెచ్చినవాడు దుకాణంలో కాజాలు కుట్టే ముసలాయన. గుండీలు పట్టే కన్నాలు ముప్పై ఏళ్లపాటు కుట్టీ కుట్టీ ఆయన చూపు సన్నబడింది, నోరు మాత్రం సన్నబడలేదు. అందరూ ఆయన్ని కాజాల తాత అంటారు. పెళ్లికూతురికి ముప్పై ఏడు. స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ దగ్గర ఉద్యోగం. ఏ రైలు ఎప్పుడొస్తుందో, ఎందుకు రాలేదో రోజంతా జనానికి చెప్పడమే పని.

ఆమె వాళ్ల అక్కని వెంటబెట్టుకుని నేరుగా దుకాణానికే వచ్చింది. కటింగ్ బల్ల చూసింది, రెండు మిషన్లు చూసింది, గోడకి తగిలించిన బట్టలు చూసింది. ఆఖర్న అతన్ని చూసింది.

"మీరు ఎక్కడికైనా వెళ్లారా?" అని అడిగింది.

నిజానికి అతను బట్టల బజారు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ముక్కే చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎదురుగా మేకుకి ఒక బూడిదరంగు పొడుగు కోటు వేలాడుతోంది. చేతులు పొట్టి చెయ్యమని ఇచ్చినవాడు, "ఈ కోటు విదేశం తిరిగొచ్చిందయ్యా" అని ఒక దేశం పేరు చెప్పి మరీ వెళ్లాడు. వెళ్లినవాడు ఎనిమిది నెలలైనా తిరిగి రాలేదు. టైలర్ నోట్లోంచి ఆ దేశం పేరు ఊడిపడింది.

"ఎప్పుడు వెళ్లారు?"

"ఆకులు రాలే కాలంలో."

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది. అంతా శుభ్రం. రైళ్లు నిమిషం తేడా లేకుండా నడుస్తాయి. ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు."

ఆమె అతని వంక ఒక నిమిషం చూసింది. చిన్నగా నవ్వింది. అక్క వైపు తల ఊపింది. సంబంధం ఖాయమైంది.

టైలర్ మనసులో ఆ రోజే ఒక లెక్క కుదిరిపోయింది. తనకి భార్యని తెచ్చిపెట్టింది ఆ దేశం. ఆ దేశాన్ని తీసేస్తే తనలో మిగిలేది ఒక టేపు, ఒక కత్తెర, కొంచెం పొట్ట.

పెళ్లయిన నెలకి ఆమె ఇంటికొస్తూనే చెప్పులు విడవకుండా చెప్పింది.

"సెలవు దొరికింది. ఆరేళ్లలో మొదటి సెలవు, పన్నెండు రోజులు. సరిగ్గా ఆకులు రాలే కాలానికి. హనీమూన్‌కి మీ దేశం వెళ్దాం."

"మా దేశమా?"

"మీరు వెళ్లొచ్చిన దేశం. నేను తెలియని చోటికి వెళ్తున్నానన్న భయం ఉండదు. మీరు చూపిస్తారు, నేను చూస్తాను."

టైలర్ నవ్వాడు. సూది గుచ్చుకున్నప్పుడు గిరాకీ ముందు నవ్వే నవ్వు అది.

ఎంక్వైరీ కిటికీ దగ్గర ఎనిమిది గంటలు జవాబులు చెప్పిన మనిషికి ఇంటికొచ్చేసరికి జవాబులన్నీ అయిపోయి ప్రశ్నలే మిగులుతాయి. కాళ్లు కడుక్కుని కూర్చుంటే చాలు, మొదలు.

"అక్కడ చలి ఎంత?"

టైలర్‌కి కోటు లైనింగు గుర్తొచ్చింది. "రెండు పొరల చలి."

"అంటే?"

"ఒక పొర వేసుకుంటే సరిపోదు. మూడు వేసుకుంటే చెమట."

ఆమె తలాడించి నోటుబుక్కులో రాసుకుంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. జవాబు తెలియకపోయినా నోరు తెరవడమే మగతనం అనుకునేవాళ్లలో అతనూ ఒకడు.

మర్నాడు దుకాణం తెరిచి, షట్టరు సగం దించి, మేకు మీంచి కోటు తీసి బల్ల మీద పరిచాడు. భూతద్దం తెచ్చాడు. కాజాల తాత పని ఆపి చూశాడు.

"ఏంట్రా, కోటుకి జ్వరమొచ్చిందా?"

"దేశం చూస్తున్నా తాతా."

కోటు మోచేతుల దగ్గర అరిగింది. కాబట్టి అక్కడివాళ్లు బల్లల మీద మోచేతులు పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. వెనకభాగం నలిగింది. కాబట్టి బాగా కూర్చుంటారు. కాలరు లోపల మరక లేదు. కాబట్టి చెమట పట్టదు. కింది అంచుకి ఎండిన మట్టి చుక్కలున్నాయి. కాబట్టి వాన పడుతుంది, కానీ మర్యాదగా మోకాళ్ల దాకానే తడుపుతుంది.

"ఈ కోటువాడికి పనీపాటా లేదని కూడా తెలుస్తోంది" అన్నాడు తాత.

తర్వాత జేబులు. ఎడమ జేబులో మడతలు పెట్టిన నగరం పటం ఒకటి దొరికింది. కుడి జేబులో మూడు దొరికాయి: రైళ్ల వేళల అట్టముక్క, సరస్సు బొమ్మ ఉన్న కార్డు, ఎర్రటి ఎండుటాకు. టైలర్ ఆ నాలుగింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి సుద్దతో గీతలు గీశాడు. పటంలో నగరం. నగరం నుంచి ఎనిమిదీ పదికి రైలు. రైలు దిగితే సరస్సు. సరస్సు ఒడ్డున చెట్టు. చెట్టు కింద ఆకు. ఎంత అందంగా అతికిందంటే, ఆ దేశాన్ని తనే కత్తిరించి కుట్టినంత గర్వపడ్డాడు.

టైలర్ ఏది కత్తిరించినా లోపల రెండంగుళాల గుడ్డ వదులుతాడు. ఒళ్లొస్తే విప్పుకోవచ్చు. ఈ అబద్ధానికీ అలాగే వదిలాడు. ఆమె రోజూ కొంచెం లాగేది, అతను రోజూ కొంచెం విప్పేవాడు.

"సరస్సు ఒడ్డున ఏముంది?"

"చెట్లు."

"చెట్ల పక్కన?"

"ఇంకా చెట్లు."

"మీరు అక్కడ ఏం చేశారు?"

"చూశాను."

"ఎంతసేపు?"

"రైలొచ్చేదాకా."

ఆమె ఇదీ రాసుకుంది.

ఒకరోజు ఆమె కాగితాలు సర్దుతూ అడిగింది. "మీ పాత పాస్‌పోర్టు ఏదండీ?"

అతను అప్పటికే గుట్టుగా కొత్తదానికి అర్జీ పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిది.

"పోయింది."

"ఎక్కడ?"

"సరస్సులో పడిపోయింది."

"అది లేకుండా మిమ్మల్ని ఎలా వదిలారు?"

టైలర్ పైకప్పు వంక చూశాడు.

"మంచివాళ్లు" అన్నాడు.

ఆమె "మంచివాళ్లు" అని రాసుకుని కింద గీత గీసింది.

ప్రశ్నలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి అంటుకుంటాయి. మొదట్లో అతను దొరికిపోతానని భయపడి జవాబులు వెతికేవాడు. రానురాను తనకే తెలుసుకోవాలనిపించడం మొదలైంది. ఆమె అడిగేవి అలాంటివి. అక్కడ అన్ని ఆకులు రాల్తాయి కదా, ఎవరు ఊడుస్తారు? ఊడ్చి ఎక్కడ పోస్తారు? చెట్లన్నీ ఒకేసారి బోడి అయిపోతే పక్షులు సిగ్గుపడవా? చెట్టు కింద కదలకుండా నిలబడితే ఆకు నేలని తాకిన చప్పుడు వినిపిస్తుందా?

ఆఖరి ప్రశ్న అతన్ని పట్టుకుని వదల్లేదు. ప్యాంటు కుడుతున్నా అదే ధ్యాస. మధ్యాహ్నం రెండు మిషన్లూ ఆపించి, ఫ్యాను కట్టేసి, స్టూలెక్కి కుడి జేబులోని ఆకుని వదిలాడు.

"వినపడిందా తాతా?"

"నాకు నువ్వే సరిగ్గా వినపడవు. ఆకేం వినపడుతుంది?"

ఇంకోసారి వదిలాడు. ఈసారి చప్పుడు వినిపించింది. టక్కుమంది. ఆకు బల్ల అంచుకి తగిలి రెండు ముక్కలైంది.

టైలర్ స్టూలు మీదే కూలబడ్డాడు. పరాయివాడి కోటు, పరాయివాడి ఆకు. తాత మాత్రం కంగారు పడలేదు. సన్నటి సూదిలో ఎర్ర పట్టుదారం ఎక్కించి, కాజా కుట్టినంత శ్రద్ధగా ఆకుని నిలువునా కుట్టేశాడు. గుండీ కూడా పెట్టేవాడే, టైలర్ ఆపాడు.

"ఎవడు చూస్తాడ్రా? ఏడాదిగా రానివాడు ఇప్పుడొస్తాడా?" అన్నాడు తాత.

మూడో రోజు వచ్చాడు.

ఆ పొద్దున ఆమె పనికెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. "మీరు చెప్పినట్టే అంతా రాసుకున్నాను. నగరంలో రెండు రోజులు, ఎనిమిదీ పది రైలు, సరస్సు దగ్గర ఎనిమిది రోజులు, రానూ పోనూ రెండు. భోజనం వేళ టికెట్ల సంగతి తేల్చేస్తాను."

"అంత తొందరెందుకు?"

"సెలవు మళ్లీ మారదు. ఇప్పుడు పోతే మళ్లీ ఎన్నేళ్లకో."

ఆమె అటు వెళ్లింది, కోటాయన ఇటు వచ్చాడు. లావాటి మెడ, పొట్టి చేతులు. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. చేతులు సరిగ్గా కుదిరాయి. మెచ్చుకుంటూ జేబుల్లో చెయ్యి పెట్టాడు. కుడి చెయ్యి బయటికొచ్చింది. అందులో ఆకు.

"ఇదేంటయ్యా, ఆకుకి కుట్టు పడింది?"

"గట్టిగా ఉంటుందని" అన్నాడు కాజాల తాత. "ఛార్జీ లేదు."

టైలర్ మధ్యలో దూరాడు. ఇది తప్పించాలని కొంత, నిజంగా తెలుసుకోవాలని కొంత. "అయ్యా, ఆ సరస్సు దగ్గర ఈ ఆకులు బాగా ఉంటాయా? నగరం నుంచి ఎనిమిదీ పది రైలుకి వెళ్తే చాలా?"

కోటాయన అద్దంలోంచే అతన్ని చూశాడు.

"ఏ నగరం నుంచి?"

"పటంలో ఉన్నది."

"ఎడమ జేబులో పటమా? అది నాది. నేను వెళ్లిన దేశానిది. కుడి జేబు మా తమ్ముడిది. వాడు అదే ఏడాది ఇంకో దేశం వెళ్లాడు. ఇద్దరికీ కలిపి ఒకటే కోటు. జేబు ఖాళీ చేసి ఇవ్వరా అంటే వినడు, వాడి చెత్తంతా కుడివైపే ఉంచుతాడు."

"మరి... ఆ రెంటికీ మధ్య రైలు?"

"మధ్యలో సముద్రముందయ్యా."

కోటాయన వెళ్లిపోయాడు. మేకు బోడిగా మిగిలింది. టైలర్ గోడ గడియారం చూశాడు. భోజనం వేళకి ముప్పావుగంట ఉంది. ఆరేళ్లకి దొరికిన పన్నెండు రోజులని ఆమె ఇప్పుడు సముద్రంలో పోయబోతోంది. చెప్తే పెళ్లాం ఉండదు. చెప్పకపోతే ఎనిమిదీ పది రైలు కోసం ఇద్దరూ పరాయి ఊళ్లో, చలిలో, లేని ప్లాట్‌ఫారం మీద నిలబడాలి.

"తాతా, ఏం చెయ్యను?"

"పరిగెత్తు" అన్నాడు తాత. "ఏ వైపుకో నువ్వే తేల్చుకో."

అతను స్టేషన్ వైపుకే పరిగెత్తాడు. మెడలో టేపు అలాగే ఉంది. దారిలో ఇద్దరు గిరాకీలు, తమ బట్టలు పట్టుకుని పారిపోతున్నాడనుకుని కొంతదూరం వెంటపడి, ఉత్త చేతులు చూసి ఆగిపోయారు.

ఎంక్వైరీ ముందు క్యూ ఉంది. అద్దం వెనక ఆమె. అద్దం పైన బోర్డు: ఒకరికి ఒక ప్రశ్న. మాట్లాడే కన్నం నడుమెత్తున ఉంటుంది. కాబట్టి ఎంత గొప్పవాడైనా ఆమె ముందు వంగే అడగాలి. టైలర్ క్యూలో నిలబడ్డాడు. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు.

వంతు వచ్చింది. వంగాడు.

"ఏం కావాలండీ?" అంది ఆమె. మొగుణ్ణి గుర్తుపట్టినట్టు మొహంలో ఎక్కడా లేదు. డ్యూటీ డ్యూటీయే.

"టికెట్లు కొనకు."

"ఇది ప్రశ్న కాదు."

"ఆ నగరం వేరు, ఆ సరస్సు వేరు. మధ్యలో సముద్రముంది."

"ఇది సమాచారం. సమాచారం మేమిస్తాం, మీరు కాదు."

వెనక నుంచి నెత్తిన మూటతో ఉన్న ఒకావిడ కేకేసింది. "అడిగేదేదో అడుగు నాయనా! నా బండి వెళ్లిపోతుంది!"

టైలర్ కళ్లు మూసుకున్నాడు. "నేను ఆ దేశం వెళ్లలేదు. ఏ దేశమూ వెళ్లలేదు. అదంతా కోటు. కోటు వెళ్లింది, నేను వెళ్లలేదు. అది కూడా ఒక దేశం కాదు, రెండు దేశాలు. పాస్‌పోర్టు సరస్సులో పడలేదు, అసలు ఉంటే కదా పడటానికి!"

క్యూలో కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన పక్కవాణ్ణి అడిగాడు. "ఏ బండి గురించండీ?"

"బండి కాదు, పెళ్లాం" అన్నాడు పక్కవాడు.

"అయితే ఆలస్యమవుతుంది" అని పెద్దాయన చంకలోని పేపరు విప్పాడు.

ఆమె అద్దం వెనక నుంచి ఎప్పటి గొంతుతోనే అంది. "మీకు ఒక ప్రశ్న ఉంది. అడుగుతారా, పక్కకి జరుగుతారా?"

టైలర్ ఆలోచించాడు. క్షమిస్తావా అని అడగొచ్చు. ఇంటికొస్తావా అని అడగొచ్చు. అతనికి వచ్చింది ఇంకోటి.

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే."

"ఎలా?"

"అది రెండో ప్రశ్న. సరే, మీ మెడలో టేపు చూసి జాలేసింది, చెప్తాను. పదేళ్లుగా ఈ కిటికీలో కూర్చున్నాను. నిజంగా ప్రయాణం చేసొచ్చినవాడు ముందు చెప్పేది ఏంటో తెలుసా? తప్పిపోయిన బండి. పోయిన సంచి. పాడైన కడుపు. చివరికి తాళం పడని మరుగుదొడ్డి. మీరేమన్నారు? ఎక్కడా ఏ ఇబ్బందీ లేదు, రైళ్లు నిమిషం తేడా లేకుండా నడుస్తాయి. అలాంటి దేశం ఉంటే నాకు ఉద్యోగమే ఉండదు కదండీ!"

క్యూలో నలుగురు నవ్వారు. మూటావిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

"మరి తెలిసీ నన్నెందుకు చేసుకున్నావ్?"

"మీకంటే ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ నిజంగానే దేశాలు తిరిగినవాళ్లు. నేను ఒకటి అడిగితే పది చెప్పారు. వాళ్లతో వెళ్తే వాళ్లు చూపించిందే చూడాలి, వాళ్లు నిలబడ్డచోటే నిలబడాలి. రోజంతా అందరికీ జవాబులు చెప్పి ఇంటికొచ్చి మళ్లీ జవాబులు వినాలా? మీకు ఏమీ తెలియదని మీ మొహం చూస్తేనే అర్థమైంది. అదే నచ్చింది."

టైలర్ నడుం వంగే ఉంది. నిలబడే ధైర్యం రాలేదు. ఏ అబద్ధం తనని నిలబెట్టిందనుకున్నాడో దాన్ని ఒక్కరోజు కూడా ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్లు భూతద్దం పెట్టి, స్టూలెక్కి, ఆకు విరగ్గొట్టి, దాన్ని కుట్టించి పడిన పాట్లన్నీ ఆమె హాయిగా కూర్చుని నోటుబుక్కులో రాసుకుంది.

"ఎందుకు ముందే చెప్పలేదు?"

"ఎక్కడ ఆగుతారో చూద్దామని. పాస్‌పోర్టు సరస్సులో పడ్డ రోజు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లాల్సొచ్చింది."

"పోనీలే, టికెట్లు ఇంకా కొనలేదు కదా. మంచిదే అయింది."

"ఎందుకు కొనలేదు? పదిహేను రోజులైంది."

"పొద్దున తేల్చేస్తానన్నావు!"

"అలా అంటే మీరే నిజం తేల్చేస్తారని."

"దేనికి కొన్నావ్? ఎడమ జేబు దేశమా, కుడి జేబు దేశమా?"

"రెండూ కాదు" అని ఆమె మూడో దేశం పేరు చెప్పింది. ఆ పేరు టైలర్ ఎన్నడూ వినలేదు. ఏ కోటూ అక్కడికి వెళ్లొచ్చి అతని మేకుకి వేలాడలేదు. "మీకు ఒక్క ముక్క తెలియదు, నాకూ తెలియదు. దిగగానే దారి అడగాల్సింది మాత్రం మీరే. నేను అక్కడ కిటికీకి అవతల, అడిగేవాళ్ల వైపు నిలబడతాను."

టైలర్ నోరు తెరిచాడు. ఎప్పటిలా జవాబు చెప్పడానికి కాదు.

"అక్కడా ఆకులు రాల్తాయా?"

ఆమె బోర్డు వైపు వేలు చూపించింది.

"ఎన్ని ప్రశ్నలయ్యాయో చూశారా? ఇంకోటి కావాలంటే క్యూలో రండి."

మూటావిడ అప్పటికే భుజంతో అతన్ని పక్కకి నెట్టి కన్నం దగ్గర వంగింది. టైలర్ టేపు సర్దుకున్నాడు. తల దించుకుని, పేపరు చదువుతున్న కళ్లద్దాల పెద్దాయనని దాటి, ఆయన తర్వాత కూడా ఉన్న తొమ్మిది మంది వెనక క్యూ చివర నిలబడ్డాడు.